కాలేయపు పలచని ముక్క బతికుండాలంటే

రోగి కాలేయపు పలచని ముక్కల మీద ల్యాబులో మందు పరీక్షించాలంటే ముందు ఆ రోగి సమ్మతి కావాలి. బరంపురం వైపు సమ్మతి పత్రం ఒడియాలో ఒక్కటే ఉంటే చాలదు. ఇంట్లో తెలుగు మాట్లాడే రోగికి తెలుగులోనే చదివి వినిపించి, అర్థమైందో లేదో అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి అంతకుముందే ఉండాలి.

ఆపరేషన్‌లో తీసేసిన కాలేయంలో పెథాలజిస్టుకు (కణజాలం చూసి రోగం తేల్చే డాక్టరుకు) కావలసింది పోగా మిగిలిందే మనకు. దాన్ని వెంటనే చల్లని ద్రావణంలో ముంచి, సీసాను ఐసులో పెట్టి తేవాలి. ఇక్కడి మే ఎండకు ఐసు రెట్టింపు వేసుకోండి. కణజాలానికి మాత్రం ఐసు నేరుగా తగలకూడదు, కణాలు దెబ్బతింటాయి.

కాలేయం నుంచి 5 మిల్లీమీటర్ల వ్యాసమున్న, గొట్టంలాంటి గుండ్రటి కత్తితో ముక్క తీసి, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు పోయే చల్లని క్రెబ్స్ ద్రావణంలో (శరీర ద్రవాన్ని పోలిన ఉప్పు ద్రావణం) 250 మైక్రాన్ల, అంటే పావు మిల్లీమీటరు మందాన కోయండి. మందమైతే నడిమి కణాలకు ఆక్సిజన్ అందదు; మరీ పలచనైతే కోతకు చెడిన కణాలే ఎక్కువ. తరువాత కణాలకు పోషకాలిచ్చే ‘విలియమ్స్ E’ అనే మీడియంలో, 37 డిగ్రీల దగ్గర, కదుపుతూ ఉంచాలి. ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే పదార్థం) కొలిచి బతికున్నాయని తేలాకే మందు వేయండి.