డిఫ్యూజర్ కొనేముందు కారు కిందికి తొంగి చూడండి

పోయిన వేసవిలో ఒక కుర్రవాడు పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ మా షెడ్డుకు వచ్చాడు. "బాబాయ్, ఇది వెనక బిగిస్తే కారు రోడ్డుకు అతుక్కుపోతుందట" అన్నాడు. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో బంపర్ల పని, ఫైబర్ పని నా వృత్తి. అంతకుముందు ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ పడవలకు చిల్లులు పూడ్చేవాణ్ణి. పెట్టె విప్పితే నాలుగు రెక్కలున్న నల్లటి ప్లాస్టిక్ ముక్క, వెనక బంపరు కింద బిగించే డిఫ్యూజర్. అతనిది రెండు తలుపుల జర్మన్ స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పెట్టె పక్కన పెట్టి, ముందు కారును ర్యాంపు ఎక్కించమన్నాను.

మీరూ అదే చేయండి. ర్యాంపు లేకపోతే నేల మీద గోనె పరచుకొని, ఫోన్ లైటు వేసుకొని వెనక చక్రాల మధ్య నుంచి ముందుకు చూడండి. ఆ కారు కింద ఇంజను భాగానికి మాత్రం ప్లాస్టిక్ పలక ఉంది. దాని వెనక అంతా పైపులు, సస్పెన్షన్ చేతులు, ఇంధనం ట్యాంకు. చిట్టచివర దిండంత సైలెన్సర్ డబ్బా వేలాడుతోంది. ఈ కొత్త ముక్క వచ్చి కూర్చునేది ఆ డబ్బాకు వెనక!

డిఫ్యూజర్ పని ఇది. కారు అడుగుకూ రోడ్డుకూ మధ్య ఇరుకులో గాలి వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం తగ్గుతుంది, కారు కిందికి లాగబడుతుంది. వెనక భాగంలో అడుగు వాలుగా పైకి లేస్తే, ఆ గాలి మెల్లగా వేగం తగ్గించుకుంటూ బయటపడుతుంది. దాంతో ముందున్న ఇరుకులో లాగుడు ఇంకా పెరుగుతుంది. గరాటును అడ్డంగా పడుకోబెట్టి, సన్నని మూతి ముందుకు పెట్టినట్టు అనుకోండి. అంటే కష్టపడేది నునుపైన అడుగుభాగం, డిఫ్యూజర్ దానికి చివరి మెట్టు. 1978లో మారియో ఆండ్రెట్టి ఛాంపియన్‌గా నిలిచిన ఫార్ములా వన్ రేసు కారు లోటస్ 79 కింద గాలి మార్గాలు పొడవునా ఉండేవి, పక్కల నుంచి గాలి చొరబడకుండా రోడ్డును రాసుకునే అంచులు ఉండేవి. ఆ అంచులతో మన బీచ్ రోడ్డు స్పీడ్ బ్రేకరు దాటితే రెండు ముక్కలు ఏరుకొని ఇంటికి పోవాలి.

రెండో పరీక్ష, కోణం. ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ తెరిచి ముందు కారు అడుగున, తర్వాత డిఫ్యూజర్ వాలు మీద ఆనించండి. తేడా 7 నుంచి 10 డిగ్రీలుంటే గాలి వాలును పట్టుకొని పోతుంది. 15 దాటితే మామూలు కార్ల కింద అది విడిపోయి సుడులు తిరుగుతుంది. బజారులో దొరికే ముక్కలు, నేను చూసినంతలో, ఎక్కువ భాగం నిటారుగానే ఉంటాయి. చూపుకు అదే బాగుంటుంది కదా. నమ్మకం కుదరకపోతే వేలెడంత ఊలు దారాలు వాలు మీద వరుసగా టేపుతో అంటించి, చిన్న కెమెరా బిగించి, ఖాళీ రోడ్డు మీద 80 వేగంతో వెళ్లి రండి. దారాలు వెనక్కి చక్కగా పడుకుంటే గాలి అంటుకొని ఉన్నట్టు. గిరగిరా తిరుగుతూ ముందుకు తలతిప్పితే ఆ రెక్కలు అలంకారానికే. ఆ కుర్రవాడి దారాలు జాతరలో పూనకం వచ్చినట్టు ఊగాయి.

ఇక లెక్క. మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో మెకానికల్ చదువుతున్న రోజుల్లో కాగితం మీద వేసి చూపించింది. ముక్క నిజంగానే పనిచేసి, గాలి కారును ఎంతగా పైకి లేపుతుందో చెప్పే సంఖ్యను (లిఫ్ట్ గుణకం) 0.05 తగ్గించిందనుకుందాం. ఎదురుగాలికి తగిలే వైశాల్యం 2 చదరపు మీటర్లు. 100 కిలోమీటర్ల వేగంలో దక్కేది 5 కిలోల లోపు ఒత్తిడి, అంటే బడిపిల్లవాడి పుస్తకాల సంచి. వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగు రెట్లు, 200 దగ్గర సుమారు 19 కిలోలు. మన నాలుగు వరుసల రహదారిపై కేంద్రం కార్లకు పెట్టిన గరిష్ఠ పరిమితే 100. కైలాసగిరి ఘాట్‌లో 40 దాటదు.

వేగం వస్తే గాలి సంగతి వేళాకోళం కాదు, అదీ నిజమే. ఆడి టీటీ మొదట వచ్చినప్పుడు జర్మనీ రహదారులపై 180కి పైన వెనక భాగం తేలిపోయి ప్రమాదాలు జరిగాయి. కంపెనీ కార్లను వెనక్కి పిలిచి, డిక్కీ మూత మీద చిన్న స్పాయిలర్ (గాలిని మళ్లించే పట్టీ) పెట్టింది, సస్పెన్షన్ మార్చింది, స్థిరత్వాన్ని కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ చేర్చింది. బంపరు కింద రెక్కలు తగిలించి ఊరుకోలేదు.

అందుకని నా మాట: చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాకుకో, కోయంబత్తూరు కరి ట్రాకుకో తరచుగా వెళ్లేవారైతే అడుగంతా మూసే పలకలతో కలిపి చేయించుకోండి. వెనక ఒత్తిడి పెరిగితే ముందు భాగం తేలిక అనిపిస్తుంది కాబట్టి ముందు బంపరు కింది అంచుకు బిగించే పెదవి (లిప్) కూడా చూసుకోవాలి. ఊళ్లో తిరిగేవారు ఆ డబ్బు మంచి టైర్లకు, బ్రేకు ప్యాడ్లకు పెట్టండి. అందం కోసమే అంటారా, సంతోషం. అందానికి అందం ధరే ఇవ్వండి, కార్బన్ ఫైబర్ ధర ఇవ్వకండి.

బిగించేవారికి నాలుగు ముక్కలు చెబుతాను. విశాఖలో సగం ఇళ్లు గుట్టల మీదే, సెల్లార్ ర్యాంపులు నిటారుగా ఉంటాయి. వెనక టైరు నేలను తాకే చోటు నుంచి డిఫ్యూజర్ కింది అంచు వరకు దారం లాగి చూడండి. మీ ర్యాంపు వాలు ఆ దారం కన్నా నిటారుగా ఉంటే ముక్క మొదటి రోజే ఊడుతుంది. కుర్రవాడికి సీతమ్మధారలో జరిగింది అదే: ఇంకెవరి చేతో డబుల్ టేపుతో అతికించుకొని, సెల్లార్ ఎక్కుతుండగా సగం అక్కడే వదిలి వచ్చాడు. టేపు ఒక్కటే నమ్మవద్దు, స్క్రూలు ఉండాలి. సముద్రపు గాలికి మామూలు స్క్రూ ఒక వర్షాకాలానికే తుప్పు కక్కుతుంది. హార్బర్‌లో పడవలకు వాడే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడిగి తీసుకోండి. కార్బన్ ఫైబర్‌కు లోహం నేరుగా తగిలితే లోహం తినేసుకుపోతుంది, నడుమ నైలాన్ వాషర్ వేయండి. ఏబీఎస్ ప్లాస్టిక్ తగిలితే వంగుతుంది, ఫైబర్ పగులుతుంది, కానీ ఫైబర్‌ను గాజుపీచు మ్యాటు, గట్టిపడే జిగురు రెజిన్ వేసి నేను మళ్లీ నిలబెట్టగలను. సైలెన్సర్ మూతికి రెండు వేళ్ల దూరమైనా వదలండి. రివర్స్ సెన్సర్లు, నంబరు ప్లేటు, రిఫ్లెక్టర్లు, టోయింగ్ కొక్కెం కప్పకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల గురించే ఉంది, కాబట్టి బంపరు కోసేముందు రవాణా కార్యాలయంలో అడగండి, బీమా కంపెనీకి రాతలో తెలియజేయండి.

వారం తిరిగాక స్క్రూలన్నీ మళ్లీ బిగించాలి. కుర్రవాడు సరిగ్గా వారానికి వచ్చాడు, కొత్త టైర్లతో. మిగిలిన సగం ముక్కను చదునుగా కోసి, మ్యాట్ నలుపు వేసి నేనే తగిలించాను. చూడ్డానికి బాగుంది, ఆ మాట అతనితో కూడా అన్నాను.