ఫ్యాటీ లివర్ ఉన్నవారు అన్నవాహికను ఎలా కాపాడుకోవాలి?

కాలేయంలో కొవ్వు పేరుకున్నవారిలో చాలామందిని ఛాతీలో మంట, పులితేన్పులు కూడా వేధిస్తుంటాయి. కాలేయ సమస్య అన్నవాహిక దాకా రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, రెండోది కాలేయం గట్టిపడటం. మొదటిది ఇబ్బంది పెడుతుంది, రెండోది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ముందుగా రెండోదాని సంగతి తేల్చుకోవాలి.

అల్ట్రాసౌండ్‌లో కొవ్వు కనిపిస్తుంది గానీ, కాలేయం ఎంత గట్టిపడిందో తొలి దశల్లో దానితో తెలియదు. కాబట్టి వయసు, రక్తపరీక్షలో తేలే కాలేయ ఎంజైములైన ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్ల సంఖ్య ఆధారంగా లెక్కకట్టే ఫిబ్-4 స్కోరు ఎంతో వైద్యుణ్ని అడగండి. అది 1.3 కంటే తక్కువైతే ముప్పు తక్కువని అర్థం. 65 ఏళ్లు దాటినవారికి ఈ హద్దును 2గా తీసుకుంటారు. అంతకు మించితే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ పరీక్ష చేయించుకోవాలి.

వ్యాధి సిర్రోసిస్‌గా (కాలేయం మచ్చలు పడి బాగా గట్టిపడటం) ముదిరితే, కాలేయంలోకి వెళ్లలేని రక్తం పక్కదారి పట్టి అన్నవాహిక అడుగున ఉన్న సిరలను ఉబ్బిస్తుంది. ఇవి పగిలేవరకు నొప్పి గానీ మంట గానీ ఉండదు కనుక, లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. ఫైబ్రోస్కాన్ రీడింగ్ 20 కిలోపాస్కల్స్ లోపు, ప్లేట్‌లెట్లు 1.5 లక్షలకు పైన ఉంటే సాధారణంగా ఎండోస్కోపీని వాయిదా వేయవచ్చు. లేదంటే చేయించుకుని, అవసరాన్ని బట్టి ఆ సిరల్లో ఒత్తిడిని తగ్గించే కార్వెడిలాల్ వంటి మందులో, సిరలకు బ్యాండ్లు వేయించుకోవడమో వైద్యుని సలహాతో నిర్ణయించుకోవాలి.

ఇక మంట విషయం. పొట్టలోని కొవ్వు జీర్ణాశయాన్ని నొక్కడంతో ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. అధిక బరువు ఉన్నవారు శరీర బరువులో 5 శాతం తగ్గినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది; 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయ వాపు కూడా నెమ్మదిస్తుంది, మంటకూ ఉపశమనం దొరుకుతుంది. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య 3 గంటలు ఉండాలి. మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయండి; దిండ్లు పేర్చుకుంటే నడుము దగ్గర ఒంగి పొట్టపై ఒత్తిడి పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి. మద్యం, పొగాకు మానేయాలి.

ఆమ్లాన్ని తగ్గించే మాత్రలను సొంతంగా నెలల తరబడి వాడవద్దు. సిర్రోసిస్ ఉన్నవారిలో వాటివల్ల ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలకు వీరు దూరంగా ఉండాలి.

మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవండి. రక్తపు వాంతి అయినా, మలం తారులా నల్లగా వచ్చినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఐరన్ మాత్రలవల్ల కూడా మలం నల్లబడుతుంది గానీ, కాలేయం గట్టిపడినవారు ఆ మాట ఇంట్లోనే అనుకుని ఊరుకోకూడదు. ఆసుపత్రిలో వైద్యులే దాన్ని తేల్చాలి.