వానలు మొదలవకముందే హైడ్రోఫోన్ యాంప్లిఫయర్ సరిచూసుకోండి

ఈమధ్య నెల్లూరు జిల్లా విడవలూరు వైపు ఓ రొయ్యల గుంటలో ఆటోఫీడర్ (దానంతటదే మేత వేసే యంత్రం) రాత్రంతా మేత చల్లుతూనే ఉంది. తెల్లారి చెక్‌ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) తీస్తే వేసిన మేత వేసినట్టే ఉంది. హైడ్రోఫోన్‌లో, అంటే నీళ్లలో ఉంచే మైకులో, రొయ్యలు మేత కొరికే టిక్కుటిక్కు శబ్దం వినపడితేనే మేత వదలాల్సిన యంత్రం అది. దానికి వినపడింది మాత్రం ఆ మైకు సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ సొంత నాయిస్. తినని మేత అడుగున కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వాయుగుండాల కాలం, మబ్బు పట్టిన రోజుల్లో డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) అసలే పడిపోతుంది.

యాంప్లిఫయర్ పెట్టెలోకి నీళ్లు పోకూడదని ఎవరికీ చెప్పక్కర్లేదు. ముంచేది వేరే తప్పు: గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో) అడిగి యాంప్లిఫయర్ కొంటారు, ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఇన్‌పుట్ చూపే నిరోధం, ఓముల్లో) ఎంతో అడగరు.

లోపల యాంప్లిఫయర్ లేని హైడ్రోఫోన్ అంటే ఒక పీజో ముక్క (ఒత్తిడి తగిలితే వోల్టేజీ పుట్టించేది), సర్క్యూట్ లెక్కన కెపాసిటర్. తక్కువ ఓముల ఇన్‌పుట్‌కి తగిలిస్తే కింది ఫ్రీక్వెన్సీలు పోతాయి. ఎక్కడి నుంచి పోతాయో తెలియాలంటే ఒకటిని 6.28 × ఓములు × ఫారడ్‌లతో భాగించాలి. 2 నానోఫారడ్‌ల పీజోని 2.2 కిలోఓముల మైకు ఇన్‌పుట్‌లో పెడితే 36 కిలోహెర్ట్జ్ నుంచే కోత మొదలు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర మిగిలేది నాలుగో వంతు. వనామీ రొయ్య కొరికే శబ్దం ఉండేదీ ఆ మేరలోనే. అదే పీజోకి 10 మెగాఓములు ఇవ్వండి, కోత 8 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. శబ్దం చాలడం లేదని గెయిన్ పెంచితే నాయిస్ కూడా అంతే పెరుగుతుంది, ఫీడర్ దాన్నే రొయ్య అనుకుంటుంది. ముందు ఇంపెడెన్స్, ఆ తర్వాతే గెయిన్.

ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) గుడగుడ తగ్గాలని తక్కువ ఇంపెడెన్స్ వాడేవాళ్లూ ఉన్నారు. అదీ ఇదే తప్పు. గుడగుడ కోయాలంటే యాంప్లిఫయర్ మొదటి దశ దాటాక 2 కిలోహెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (అంతకు కింది శబ్దాలను ఆపేది) పెట్టండి.

మొదటి దశకి జేఫెట్ ఇన్‌పుట్ (కరెంటు దాదాపు లాగని రకం) ఉన్న టీఎల్072 చిప్ గానీ ఓపీఏ1641 గానీ వాడండి. ఎన్‌ఈ5532 మామూలు మైకులకు మంచిదే, ఇక్కడ పనికిరాదు. దాని బయాస్ కరెంటు (ఇన్‌పుట్ లాగే కరెంటు) 200 నానోఆంపియర్లు, 10 మెగాఓముల మీద అది 2 వోల్టులవుతుంది. టీఎల్072ది 65 పికోఆంపియర్లే, ఒక మిల్లీవోల్టు కూడా రాదు.

యాంప్లిఫయర్ హైడ్రోఫోన్ పక్కనే ఉండాలి. కోయాక్సియల్ కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు. 30 మీటర్లు లాగితే 2 నానోఫారడ్‌ల పీజో సిగ్నల్ 40 శాతానికి పడిపోతుంది. దగ్గర పెట్టే వీలు లేకపోతే చార్జ్ యాంప్లిఫయర్ (పీజో వోల్టేజీని కాక చార్జ్‌ని చూసేది) తీసుకోండి. దానికి కేబుల్ పొడవుతో గెయిన్ మారదు, నాయిస్ మాత్రం కొంత పెరుగుతుంది.

ఇక మిగిలినవి:

– సిగ్నల్‌ని అంకెలుగా మార్చే కన్వర్టర్ సెకనుకు 96 వేల శాంపిళ్లకు తగ్గకూడదు. దాని ముందు యాంటీ-ఎలియాసింగ్ ఫిల్టర్ (శాంపిళ్లకు అందని పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) తప్పనిసరి.
– 12 వోల్టుల మీద నడిచే యాంప్లిఫయర్‌ని 3.3 వోల్టుల కన్వర్టర్‌కి నేరుగా కలపొద్దు. ఒక్క కుదుపుకి చిప్ పోతుంది.
– పీజో గట్టు రాయికి తగిలితే పదుల వోల్టులు పుట్టొచ్చు. ఇన్‌పుట్‌లో కిలోఓము రెసిస్టర్, క్లాంప్ డయోడ్లు (వోల్టేజీ హద్దు దాటకుండా ఆపేవి) పెట్టండి. 1ఎన్4148 వద్దు, లీకవుతుంది. బీఏవీ199 పెట్టండి.
– మైకులకు కేబుల్ మీదే వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆపండి.
– ఏరియేటర్ లైను నుంచి సప్లై తీయొద్దు. బ్యాటరీ వాడండి. లాప్‌టాప్ చార్జర్ కూడా పీకేయండి, 50 హెర్ట్జ్ హమ్ అక్కడి నుంచే వస్తుంది.
– ఉప్పుగాలి తగిలిన బోర్డు మీద 10 మెగాఓములు నిలవవు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరనిచ్చి, తేమ తగలకుండా కోటింగ్ వేయండి. మళ్లీ అదే మాట: ఇంపెడెన్స్ పోతే అన్నీ పోయినట్టే.
– వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ బోర్డు దగ్గర పూయొద్దు. రాగిని తినేస్తుంది.
– ఏరియేటర్లు తిరుగుతుండగా నీళ్లలో చెయ్యి పెట్టొద్దు. మెయిన్ ఆపండి.
– ఉరుములు రాకముందే కేబుల్ పీకేయండి. ఉరుముతుంటే గట్టు మీదికే వెళ్లొద్దు.
– కొనేముందు పరీక్షించండి. ఫోన్‌లో 5 కిలోహెర్ట్జ్ టోన్ బాగా తగ్గించి పెట్టి యాంప్లిఫయర్‌కి నేరుగా ఒకసారి, మధ్యలో 2 నానోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టి ఒకసారి ఇవ్వండి. రెంటికీ తేడా 1 డెసిబెల్ దాటితే ఎంత గెయిన్ ఉన్నా కొనొద్దు.