జీపు తరహా బండి వెనుక భాగానికి పార్కింగ్‌లో గీతలు పడకుండా ఎలా కాపాడుకోవాలి?

థార్, జిమ్నీ, గూర్ఖా వంటి బండ్లను రాళ్ల దారుల కోసం, బురద కోసం తయారు చేస్తారు. మన ఊళ్లలో వాటి వెనుక భాగం దెబ్బతినేది మాత్రం ఎక్కువగా అపార్ట్‌మెంట్ సెల్లార్లలోనే. రెండు పిల్లర్ల మధ్య ఇరుకైన జాగా, పక్కనే ఇంకొకరి కారు, వెనుక గోడకు ఆనుకొని దిగే డ్రైనేజీ పైపు, వీటి నడుమ రోజూ రెండుసార్లు బండిని తిప్పాల్సి వస్తుంది. గీత పడకూడదనుకునే వారు సాధారణంగా బండి కొన్న వారంలోనే పీపీఎఫ్ (రంగు మీద అంటించే పారదర్శకమైన పొర) వేయించడం గురించో, సిరామిక్ కోటింగ్ (మెరుపు కోసం రంగు మీద వేసే పూత) గురించో వాకబు చేస్తారు. నా ఉద్దేశంలో ఆ పని చివర చేయవలసినది. మొదట బండి కొలతలు తెలుసుకోవాలి, తర్వాత బండి నిలిపే జాగాను సరిచేసుకోవాలి, పూతల సంగతి ఆ పైన చూసుకోవచ్చు.

బండి ఎక్కడ ముగుస్తుందో కొలవండి

మామూలు కారుకు వెనుక చివర బంపరే. డిక్కీ తలుపుకు స్టెప్నీ బిగించి ఉన్న బండికి చాలాసార్లు ఆ స్టెప్నీయే చివర. మన దేశంలో అమ్మే అయిదు తలుపుల జిమ్నీనే తీసుకుంటే, స్టెప్నీతో కలిపి దాని పొడవు 3,985 మిల్లీమీటర్లు, స్టెప్నీ లేకుండా 3,820 మిల్లీమీటర్లు. అంటే అద్దంలోనో, కిటికీలోంచి తల బయటపెట్టో బంపర్‌ను చూసి "ఇంకా జానెడు జాగా ఉంది" అనుకునే సమయానికి, పదహారున్నర సెంటీమీటర్లు వెనక్కి పొడుచుకొచ్చిన చక్రం దాదాపు గోడను తాకుతూ ఉంటుంది.

మీ బండి కొలత మీరే తీసుకోండి. సమతలంగా ఉన్న చోట బండిని నిలిపి, ఒక దారానికి బరువైన నట్టు కట్టి, స్టెప్నీ బయటి అంచు నుంచి నేల దాకా వేలాడదీసి, నట్టు తాకిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. బంపర్ అంచు నుంచి కూడా అలాగే దించి మరో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరమే మీ కంటిని మోసగించే దూరం. దానితో పాటు స్టెప్నీ అడుగు అంచు, మధ్యభాగం, పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో, వెనుక చక్రాల మీది నల్లటి ప్లాస్టిక్ అంచు ఎంత ఎత్తులో ఉందో రాసిపెట్టుకోండి. తర్వాత చెప్పబోయే పనులన్నిటికీ ఈ అంకెలే ఆధారం.

స్టెప్నీ గోడకు తగిలితే రబ్బరే కదా, ఏమవుతుందిలే అనుకోవడం సరికాదు. ఆ తాకిడి చక్రాన్ని మోసే బ్రాకెట్ ద్వారా తలుపు రేకుకు, అక్కడి నుంచి కీళ్లకు చేరుతుంది. ఒకసారి కీళ్ల అమరిక చెదిరితే తలుపు బిగువుగా పడదు, రబ్బరు బీడింగ్ పక్క నుంచి వాన నీరు, దుమ్ము లోపలికి వస్తాయి. పైకి ఏ గీతా కనిపించకపోవచ్చు గనుక ఈ నష్టం చాలా ఆలస్యంగా బయటపడుతుంది.

సెన్సర్ కూతకు అర్థం తెలుసుకోండి

2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ రివర్స్ పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. ఇవి మన చెవికి వినిపించని ధ్వనిని, సాధారణంగా 40 కిలోహెర్ట్జ్ లేదా అంతకు పైబడిన స్థాయిలో, వెనక్కి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్ని లెక్కకడతాయి. గోడ వంటి వెడల్పైన, నిటారైన తలం నుంచి ధ్వని చక్కగా తిరిగొస్తుంది. సన్నటి పైపు నుంచి, ఏటవాలుగా ఉన్న నునుపైన తలం నుంచి, సంచుల వంటి మెత్తటి వస్తువుల నుంచి సరిగా రాదు. సెన్సర్లు ఉండేది బంపర్‌లో కాబట్టి వాటి చూపు కూడా ఆ ఎత్తుకే పరిమితం. సెల్లార్ కప్పు నుంచి వేలాడే కేబుల్ ట్రే, అగ్నిమాపక గొట్టం, గోడకు బిగించిన కరెంటు మీటర్ల పెట్టె వంటివి వాటి కంట పడకుండానే బండి పైభాగాన్ని తాకగలవు.

చాలా బండ్లలో దూరం సుమారు 30 సెంటీమీటర్లకు తగ్గగానే కూత ఆగకుండా మోగుతుంది, ఆ తర్వాత ఎంత దగ్గరయ్యామన్నది కూతను బట్టి తెలియదు. ఆ దూరాన్ని బంపర్ నుంచి లెక్కించే బండి అయితే, పదహారున్నర సెంటీమీటర్లు పొడుచుకొచ్చిన స్టెప్నీకి మిగిలేది పదమూడు సెంటీమీటర్ల చిల్లరే. మీ బండి ఎక్కడి నుంచి లెక్కిస్తుందో ఒక అట్టపెట్టెతో పరీక్షించుకోవచ్చు. నడుము ఎత్తున్న ఖాళీ పెట్టెను వెనుక నిలబెట్టి, పక్కన ఒకరిని ఉంచి, నిదానంగా రివర్స్ చేసి, కూత ఆగకుండా మోగడం మొదలవగానే బండి ఆపి, స్టెప్నీకీ పెట్టెకూ మధ్య టేపుతో కొలవండి. ఆ అంకె తెలిశాక, ఆగని కూత వినిపించగానే ఆగిపోవాలనే నియమం మీకు సులువుగా అలవడుతుంది.

కెమెరా ఉంటే దాని లెన్సును రోజూ మెత్తటి గుడ్డతో తుడవండి. మట్టి దారిలో వెళ్లొచ్చిన రోజున లెన్సు మీద పేరుకున్న దుమ్ము, సెల్లార్ చీకటి కలిస్తే తెర మీద గోడ ఏదో నీడ ఏదో తెలియదు. తన జాగాలో ఒక ట్యూబ్‌లైట్ వేయించుకున్న వారికి ఆ ఖర్చు ఏ కోటింగ్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

పిల్లర్ పక్క నుంచి బయటికి తీసే పద్ధతి

వెనుక బాడీ పక్కభాగాలకు పడే పొడవాటి గీతల్లో చాలావరకు లోపలికి పెట్టేటప్పుడు కాక, బయటికి తీసేటప్పుడు పడతాయి. ముందుకు వెళ్తూ స్టీరింగ్ తిప్పినప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, మలుపు లోపలి వైపుకు జరిగి చిన్న వలయంలో తిరుగుతాయి. డ్రైవరు తన తలుపు పిల్లర్ దాటిందని చూసి స్టీరింగ్ తిప్పేస్తాడు, అప్పటికి వెనుక చక్రం ఇంకా పిల్లర్‌కు అవతలే ఉంటుంది. చక్రం మీది ప్లాస్టిక్ అంచు మొదట రాసుకుంటుంది, ఆపకపోతే దాని వెనుక రేకు కూడా రాసుకుంటుంది.

కాబట్టి, ఎదుట జాగా ఉన్నంతవరకు స్టీరింగ్ నిటారుగా ఉంచి, వెనుక చక్రం మధ్యభాగం పిల్లర్‌ను దాటిన తర్వాతే తిప్పండి. ఎదుటి వరుసలో కార్లుండి అంత ముందుకు వెళ్లే వీలు లేకపోతే, ఒక్కసారిగా తిప్పడానికి ప్రయత్నించకుండా కొంత ముందుకు, కొంత వెనక్కి, మళ్లీ ముందుకు అంటూ రెండు మూడు దఫాల్లో తీయండి. మొదటి రోజు ఎవరినైనా పక్కన నిలబెట్టి, స్టీరింగ్ తిప్పడానికి సరైన స్థానం కుదిరినప్పుడు మీరు కూర్చున్న చోటి నుంచి ఎదుటి గోడ మీద ఏది సూటిగా కనిపిస్తుందో గుర్తుపెట్టుకుని, అక్కడ రంగు టేపు ముక్క అంటించండి.

లోపలికి పెట్టేటప్పుడు మలుపు లోపలి వైపున్న వెనుక మూలను ఆ వైపు అద్దంలో చూస్తూ ఉండాలి. అద్దాన్ని కొద్దిగా కిందికి వంచితే చక్రం మీది అంచు, నేల మీది గీత రెండూ కనిపిస్తాయి.

వీల్ స్టాపర్ బిగించడం

వెనుక గోడ నుంచి బండిని కాపాడటానికి, చక్రానికి అడ్డుగా నేలకు బిగించే రబ్బరు దిమ్మె, అంటే స్టాపర్‌ను మించిన సాధనం లేదు, ఎందుకంటే అది డ్రైవరు అలసటను బట్టి, చీకటిని బట్టి మారదు. దానిని ఎక్కడ బిగించాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. పెద్ద చక్రం, నేలను ఆనే చోటుకు చాలా ముందుగానే స్టాపర్ అంచును తాకుతుంది. 255/65 ఆర్18 టైరు ఉన్న థార్‌లో చక్రం వ్యాసం దాదాపు 79 సెంటీమీటర్లు, దానికి 10 సెంటీమీటర్ల ఎత్తున్న నిటారు దిమ్మె అడ్డుపడితే, తాకే చోటు చక్రం మధ్యరేఖకు సుమారు 26 సెంటీమీటర్ల వెనుక ఉంటుంది. ఈ తేడా చూసుకోకపోతే బండి ముక్కు దారిలోకి పొడుచుకొస్తుంది, లేదా స్టెప్నీ గోడకు తగులుతుంది.

లెక్కలతో పని లేకుండా చేసే పద్ధతి ఒకటుంది. స్టెప్నీకీ గోడకూ మధ్య కనీసం ఒక అడుగు జాగా ఉండేలా, పక్కన నిలబడినవారి సాయంతో బండిని నిలపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, స్టాపర్లను రెండు వెనుక టైర్లకు ఆనించి నెట్టి, వాటి చుట్టూ నేల మీద గీత గీయండి. బండి ముందుకు తీసి ఆ గీతల్లోనే బిగించండి. రెండు స్టాపర్లు గోడకు సమాన దూరంలో ఉన్నాయో లేదో టేపుతో చూడండి, తేడా ఉంటే బండి రోజూ వంకరగానే నిలుస్తుంది. అడ్డంగా తెరుచుకునే డిక్కీ తలుపును వెనుక గోడ దగ్గర పూర్తిగా తెరవడం ఎలాగూ కుదరదు, సామాను దించాల్సిన రోజున బండిని ముందుకు తీసి నిలపాలి.

నేలకు రంధ్రాలు వేసే ముందు అసోసియేషన్ అనుమతి తీసుకోండి. మీ పార్కింగ్ కింద మరో సెల్లార్ ఉంటే ఆ శ్లాబులో డ్రిల్లింగ్ చేయవచ్చో లేదో బిల్డరును గానీ ఇంజినీరును గానీ అడిగి తెలుసుకోవలసిందే, అలాంటి చోట గట్టి అంటుమందుతో అతికించేవి మేలు. ఎత్తు తక్కువైన స్టాపర్ల మీదికి ఈ బండ్లు సులువుగా ఎక్కేయగలవు గనుక, టైరు తాకినట్టు తెలియగానే ఆగాలి, యాక్సిలరేటర్ నొక్కకూడదు.

గోడకు, పిల్లర్‌కు తొడుగు

పిల్లర్ మూలలకు తొడిగే నలుపు పసుపు రబ్బరు గార్డులు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని కార్ల కోసం అనుకున్న ఎత్తులో కాకుండా, మీరు రాసిపెట్టుకున్న ఎత్తులో, అంటే చక్రం మీది అంచు నుంచి టెయిల్ ల్యాంపు దాకా కప్పేలా బిగించండి. వెనుక గోడకు స్టెప్నీ మధ్యభాగం ఎత్తులో మందపాటి ఈవీఏ ఫోమ్ (మెత్తటి స్పాంజి వంటి ప్లాస్టిక్) షీటు అతికిస్తే సరిపోతుంది. పాత స్కూటర్ టైరును రెండు బోల్టులతో గోడకు బిగించినా అదే పని చేస్తుంది.

బండికి వేసే పూతలు ఎంతవరకు కాపాడతాయి

పీపీఎఫ్ అంటే పాలీయురెథేన్‌తో చేసిన పారదర్శకమైన పొర, సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది. సంచి జిప్పు గీసుకోవడం, పక్కనుంచి వెళ్లే సైకిల్ హ్యాండిల్ తగలడం, ముళ్ల కొమ్మలు రాసుకోవడం వంటి వాటిని అది తట్టుకుంటుంది. పిల్లర్ బరువుగా రాసుకుంటే పొర చిరుగుతుంది, సొట్టను అది ఆపలేదు. బండి మొత్తానికి వేయించే బదులు వెనుక చక్రాల అంచుకు పైన ఉన్న రేకు, టెయిల్ ల్యాంపుల చుట్టుపక్కల, డిక్కీ తలుపు పిడి కింద మాత్రమే వేయించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. గరుకుగా ఉండే నల్లటి ప్లాస్టిక్ మీద అది సరిగా అంటుకోదు. కొత్తగా పెయింటింగ్ చేయించిన భాగం మీద రంగు పూర్తిగా ఆరేదాకా, ఎంతకాలమో పెయింటర్‌ను అడిగి, ఆగాలి. సిరామిక్ కోటింగ్ మెరుపుకు, కడగడం తేలికవడానికి మంచిదే గానీ పిల్లర్ గీతలకు అది అడ్డు కాదు.

వెనుక ఇనుప పైపు గార్డులు బిగించుకునే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అవి చిన్న తాకిడిని నేరుగా ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) చేరుస్తాయి, సెన్సర్లకు అడ్డొస్తాయి, వెనుక నడిచే పిల్లల మోకాళ్లకూ తలలకూ ప్రమాదం. క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు తెలియజేసింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే అవకాశం ఉంది.

ఇంత చేసినా గీత పడితే

గీత మీద నీళ్లు చల్లి చూడండి. తడిగా ఉన్నంతసేపు కనిపించకుండా పోతే అది రంగుకు పైనున్న పారదర్శక పొర (క్లియర్ కోట్) వరకే పడినట్టు, రబ్బింగ్ కాంపౌండ్‌తో పోతుంది. గోడ సున్నం అంటుకుని గీతలా కనిపించడం కూడా మామూలే, ముందు దాన్ని శుభ్రం చేయండి. గోరుకు తట్టేంత లోతుంటే టచప్ పెయింట్ కావాలి. రేకు బయటపడితే మాత్రం వాయిదా వేయకండి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో తుప్పు త్వరగా మొదలవుతుంది. గరుకు ప్లాస్టిక్‌ను పాలిష్ చేయకూడదు, మెరిసే మచ్చ మిగిలిపోతుంది.

బీమా క్లెయిమ్ పెట్టే ముందు లెక్క వేసుకోండి. 1,500 సీసీ వరకు ఉన్న బండికి 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 రూపాయలు తప్పనిసరిగా మీరే భరించాలి. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగును మినహాయించని) పాలసీ లేకపోతే బంపర్ వంటి ప్లాస్టిక్ భాగాల ఖరీదులో సగం కోత పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం నో క్లెయిమ్ బోనస్. మొదటి ఏడాది 20 శాతంతో మొదలై, క్లెయిమ్ లేకుండా అయిదేళ్లు గడిస్తే 50 శాతానికి చేరే ఆ ప్రీమియం తగ్గింపును, రెండు మూడు వేల రూపాయల డెంటింగ్ పెయింటింగ్ కోసం వదులుకోవడం నష్టమే. ఒక్క ప్యానెల్ మీది గీత అయితే మంచి పెయింటర్ దగ్గర సొంత డబ్బుతో చేయించుకోండి, రెండు మూడు ప్యానెళ్లు, టెయిల్ ల్యాంపు, తలుపు కీళ్లు కూడా దెబ్బతింటే అప్పుడు బీమా కంపెనీకి తెలియజేయండి.