లాసెట్ సొంత ప్రిపరేషన్ – 4వ పాఠం: బాకీ పడ్డ టైమ్‌టేబుల్

లాసెట్‌కు, అంటే లా కాలేజీల్లో సీటు కోసం రాసే ప్రవేశ పరీక్షకు, సొంతంగా చదువుకునే మిమ్మల్ని పోయిన పాఠంలో వారానికి టైమ్‌టేబుల్ వేసుకోమన్నాను. వేసుకుని, వారం గడిచాక ఫొటోలు తీసి పంపినవాళ్లందరివీ కూర్చుని చూశాను. చాలావాటిలో ఒకటే వరస. సోమవారం గళ్లన్నీ టిక్కులు. మంగళవారం సగం. బుధవారం గడిలోకి సోమ, మంగళవారాల్లో మిగిలినవి బాణం గుర్తులతో వచ్చి చేరాయి. గురువారం వచ్చేసరికి ఒక్కరోజు మీద పదకొండు గంటల పని పడింది. శుక్రవారం ఖాళీ. శనివారం కొత్త కాగితం మీద కొత్త టైమ్‌టేబుల్.

ఈ వారం లీగల్ మాగ్జిమ్స్, అంటే చట్టంలో వాడే లాటిన్ సూత్రాలు, చెబుదామనుకున్నాను. వాటిని పక్కన పెడుతున్నాను. ఇది సరిచేయకుండా ముందుకెళ్తే ఆ మాగ్జిమ్స్ కూడా బాణం గుర్తు వేసుకుని వచ్చే వారంలోకి వెళ్లిపోతాయి.

ముందు ఆ బాణాలు ఆపండి. ఈరోజు చదవలేకపోయింది రేపటి గడిలో రాయొద్దు. రేపటికి రేపటి పని ఉంది. శనివారం సాయంత్రం రెండు గంటలు ఏమీ రాయకుండా ఖాళీగా ఉంచండి. వారంలో మిగిలిపోయినవన్నీ ఆ రెండు గంటల్లోనే. అందులో పట్టనిది ఆ వారానికి వదిలేయండి. "వదిలేస్తే అదే అడుగుతారేమో సార్" అని ఇద్దరు ముగ్గురు రాశారు. అడగొచ్చు. అయినా వదిలేయండి. 120 బిట్లలో ఒక బిట్ పోతుంది. బాకీ మోసుకుంటూ తిరిగితే ఆ టెన్షన్‌తో వారం మొత్తం పోతుంది. ఆ తేడా నేను ఉద్యోగం చేస్తూ ఈ పరీక్షకు చదివిన రోజుల్లో బాగా తెలిసింది. రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి, మూడు రోజుల బాకీ చూసి, పుస్తకం తెరవకుండానే పడుకున్న రాత్రులు ఉన్నాయి.

రెండోది, గడిలో మీరేం రాశారన్నది. ఖమ్మం వైపు నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్ పంపిన కాగితంలో రోజూ తెల్లవారుజామున 5 నుంచి 6 వరకు "రాజ్యాంగం" అని ఉంది. ఆరు రోజులూ అదే మాట. ఆవిడ నిజంగానే రోజూ లేచి చదివారు. కానీ ఏ రోజు ఎక్కడ ఆపారో, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కాగితం చెప్పదు. అందుకే ఆరు రోజులూ ప్రవేశిక, ఆర్టికల్ 1, ఆర్టికల్ 12 దగ్గరే తిరిగారు. అమ్మా, ఆ గడిలో ఇలా రాయండి: "ఆర్టికల్ 12 నుంచి 18, బేర్ యాక్ట్ రెండుసార్లు, 15 బిట్లు." బేర్ యాక్ట్ అంటే వ్యాఖ్యానాలేవీ లేని అసలు చట్టం పాఠం. గంట తర్వాత ఆ పని అయిందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు. గడిలో సబ్జెక్టు పేరు ఉండకూడదు, పని ఉండాలి. అందరికీ ఇదే చెబుతున్నాను.

ఇక ఏ భాగానికి ఎంత టైమ్ అన్నది. పరీక్ష 90 నిమిషాలు, 120 బిట్లు, బిట్‌కు ఒక మార్కు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, న్యాయశాస్త్ర అధ్యయనానికి సంబంధించిన ఆప్టిట్యూడ్ 60. సగం మార్కులు లా వైపే ఉన్నాయి. మీరు పంపిన కాగితాల్లో మాత్రం కరెంట్ అఫైర్స్‌కు రోజుకు రెండు గంటలు, లాకు ముప్పావు గంట ఉంది. పేపర్ చదవడం హాయిగా ఉంటుంది, చదివినట్టూ ఉంటుంది, అందుకే చేయి అటు పోతుంది. పొద్దున టీ తాగేటప్పుడు 25 నిమిషాలు పేపర్, అంతే. నియామకాలు, అవార్డులు, సుప్రీంకోర్టు తీర్పులు, కొత్త చట్టాలు, మన రెండు రాష్ట్రాల వార్తలు. రాజకీయ నాయకుల మాటల యుద్ధం వదిలేయండి. చదువుకు రోజూ మూడు గంటలే దొరికేవాళ్లయితే అందులో గంటన్నర లాకు పోవాలి.

రోజుకు మూడు గంటలు అన్నాను కదా. ఆరు గంటలు రాసుకుని రెండు చదివేవాళ్లకన్నా, రెండున్నర రాసుకుని రెండున్నరా చదివేవాళ్లు ముందుంటారు. ఇంట్లో పని, ఆఫీసు, పిల్లల స్కూలు బస్సు, ఇవన్నీ ముందు కాగితం మీద పెట్టి, మిగిలిన చోటే చదువు రాయండి.

ఎస్సీ, ఎస్టీలకు తప్ప మిగతావాళ్లకు క్వాలిఫై అవడానికి 35 శాతం, అంటే 42 మార్కులు. ఆ 42 మీద కన్నేసి చదవొద్దు. క్వాలిఫై అవడం వేరు, కోరుకున్న కాలేజీలో సీటు రావడం వేరు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క బిట్ కూడా ఖాళీగా వదలొద్దు. మీలో కొందరు క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) కూడా రాస్తున్నారు. అక్కడ తప్పుకు పావు మార్కు పోతుంది, 120 ప్రశ్నలకు 120 నిమిషాలు ఉంటాయి, పేరాలు చదివి జవాబివ్వాలి. ఆ రెండింటికీ ఒకే అలవాటు పనికిరాదు. ఒక ఆదివారం ఇది, ఒక ఆదివారం అది పెట్టుకోండి. ఒకే రోజు రెండూ వద్దు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. పోయిన పాఠంలో పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకుని చేయమన్నాను. చాలామంది కోఠీ వెళ్లి, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద వెతికి, విజయవాడ వాళ్లు అక్కడి పాత పుస్తకాల షాపుల్లో వెతికి సెకండ్ హ్యాండ్ గైడ్లు తెచ్చుకున్నారు. తెచ్చుకుని ఆ గైడ్లలోని సెక్షన్ నంబర్లు బట్టీ పట్టారు. హత్య 302, మోసం 420, ముందస్తు బెయిల్ 438. ఎంతో కష్టపడి పట్టారు. వాటికి ఆ నంబర్లు ఇప్పుడు లేవు. ఆ మాట పోయిన పాఠంలోనే చెప్పాల్సింది. చెప్పలేదు, అది నా పొరపాటు.

2024 జులై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. పీనల్ కోడ్‌లో 511 సెక్షన్లు ఉండేవి, న్యాయ సంహితలో 358. నంబర్లన్నీ కదిలిపోయాయి.

కదిలిపోతే కొత్తవి నేర్చుకుంటాం, అందులో ఏముంది అంటారు. చిక్కు అక్కడ లేదు. కొన్ని పాత నంబర్లు కొత్త చట్టాల్లో కూడా ఉన్నాయి, ఇంకో అర్థంతో. దీని మీద బిట్ తయారుచేయడం పేపర్ పెట్టేవాళ్లకు చాలా తేలిక. ఆప్షన్లలో మీకు బాగా తెలిసిన నంబరు ఒకటి కనిపిస్తుంది, చేయి దాని మీదికే పోతుంది.

144 తీసుకోండి. "ఊళ్లో 144 పెట్టారు" అని మనం పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. గుంపులు కూడకుండా నిషేధాజ్ఞలు. అది పాత ప్రొసీజర్ కోడ్ నంబరు. ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో నిషేధాజ్ఞలు 163. మరి 144లో ఏముంది? మనోవర్తి. భార్య, పిల్లలు, తల్లిదండ్రుల పోషణ. పాత 125 అక్కడికి వచ్చింది.

482 ఇంకా ప్రమాదం. పాత కోడ్‌లో అది హైకోర్టు సహజ అధికారాలు, కేసు కొట్టేయమని అడిగే క్వాష్ పిటిషన్ దాని కిందే వేసేవాళ్లు. ఇప్పుడు 482 అంటే ముందస్తు బెయిల్. క్వాష్ 528కి వెళ్లింది. చూడండి, పాత 438 వెళ్లి పాత 482 కుర్చీలో కూర్చుంది. కోర్టు పనిలో ఉన్నవాళ్లే ఒక్క క్షణం ఆగి సరిచూసుకునే నంబరు ఇది.

302 న్యాయ సంహితలో మత మనోభావాలు గాయపరచాలని ఉద్దేశపూర్వకంగా మాటలనడం. హత్యకు శిక్ష 103. మోసానికి 420 పోయి 318 వచ్చింది, పాత 420కి సరిపడేది అందులో నాలుగో ఉపసెక్షన్. ఊళ్లో "వాడు ఫోర్ ట్వంటీ" అనే మాట పోదు, కానీ పరీక్షలో పెడితే మార్కు పోతుంది. హత్యాయత్నం 307 నుంచి 109కి, వరకట్న మరణం 304బి నుంచి 80కి, భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం 498ఎ నుంచి 85, 86కి, నిర్లక్ష్యంతో మరణం 304ఎ నుంచి 106కి, దొంగతనం 378, 379 రెండూ కలిసి 303కి వెళ్లాయి. ప్రొసీజర్ వైపు ఎఫ్ఐఆర్ 154 నుంచి 173కి.

"పేపర్లలో ఇంకా ఐపీసీ 420 కింద కేసు అని రాస్తున్నారు కదా" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది. ఆ కేసుల వార్తల్లో పాత నంబర్లే వస్తాయి. అందుకే పాత నంబరు పూర్తిగా మరిచిపోమనడం లేదు. నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి. మధ్య గడిలో నేరం లేదా అంశం పేరు తెలుగులో, ఎడమ గడిలో పాత నంబరు, కుడి గడిలో కొత్తది. చదివేటప్పుడు మధ్య గడి నుంచే మొదలుపెట్టాలి. "మనోవర్తి" అనుకుని, కుడివైపు మూసి, 144 అని చెప్పగలగాలి. నంబరు నుంచి నంబరుకు పోతే మళ్లీ కలగాపులగం అవుతుంది. పాత గైడ్లు పారేయకండి, అందులో రాజ్యాంగం, కాంట్రాక్ట్, టార్ట్స్ (నష్టపరిహారం కోరే సివిల్ తప్పులు) బిట్లు బాగానే పనికొస్తాయి. క్రిమినల్ లా పేజీలను మాత్రం స్టేపుల్ చేసి మూసేయండి. నేనైతే అలాగే చేయిస్తాను.

ఇక వచ్చే వారం టైమ్‌టేబుల్ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. ఆదివారం రాసిన టెస్ట్‌లోని తప్పుల నుంచి. మీరు మార్కు చూసి, సంతోషపడో దిగులుపడో, పేపర్ మడిచి పెట్టేస్తున్నారు. తప్పు పోయిన ప్రతి బిట్ పక్కన పెన్సిల్‌తో ఒక అక్షరం రాయండి. "తె" అంటే అసలు తెలియదు. "త" అంటే తెలుసు, తడబడ్డాను. "చ" అంటే ప్రశ్న సరిగా చదవలేదు.

ఉదాహరణకు, "కింది వాటిలో ప్రాథమిక హక్కు కానిది ఏది" అని ఉంటుంది. "కానిది" కంట్లో పడక, సమానత్వ హక్కు పెట్టి వస్తారు. జవాబు ఆస్తి హక్కు. 1978లో 44వ సవరణతో అది ప్రాథమిక హక్కుల్లోంచి పోయి, ఆర్టికల్ 300ఎలో మామూలు రాజ్యాంగ హక్కుగా మిగిలింది. ఇది మీకు తెలుసు. తెలిసీ పోయింది, కాబట్టి "చ". దీనికి మళ్లీ రాజ్యాంగం చదవక్కర్లేదు. వచ్చే టెస్ట్‌లో "కానిది", "తప్పు", "మినహా" కనిపించినప్పుడల్లా రఫ్ కాగితం మీద చిన్న అడ్డగీత గీసుకుంటే చాలు.

ఇంకోటి. ఒక స్కూలు ఎదురుగా ఇంకొకరు స్కూలు పెట్టారు, ఫీజు తగ్గించారు, మొదటి స్కూలుకు పిల్లలు తగ్గారు. దావా నిలుస్తుందా? నిలవదు. నష్టం ఉంది, హక్కుకు భంగం లేదు. డామ్నమ్ సైనె ఇంజూరియా, 1410 నాటి గ్లౌస్టర్ గ్రామర్ స్కూల్ కేసు. ఇంకో చోట ఓటు హక్కున్న ఒకాయన్ని అధికారి ఓటు వేయనివ్వలేదు, అయినా ఆయన కోరుకున్న అభ్యర్థే గెలిచాడు. దావా నిలిచింది. నష్టం లేదు, హక్కుకు భంగం ఉంది. ఇంజూరియా సైనె డామ్నో, 1703 నాటి యాష్బీ, వైట్ కేసు. రెండూ చదివి, పరీక్షలో ఏది ఏదో తారుమారు చేస్తే అది "త". "డామ్నమ్" అంటే నష్టం, "ఇంజూరియా" అంటే హక్కుకు భంగం, "సైనె" అంటే "లేకుండా". దాని తర్వాత వచ్చే మాట ఏదైతే అదే లేదు. ఈ ఒక్కటి పట్టుకుంటే తారుమారు కాదు.

"తె" పడినవి వచ్చే వారం గళ్లలోకి కొత్త పనిగా వెళ్తాయి. "త" పడినవి మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు అయిదేసి నిమిషాలు తిరగేయాలి. "చ" పడినవాటికి గడి అక్కర్లేదు. ఇలా చేస్తే టైమ్‌టేబుల్ ఎవరిది వాళ్లకు వేరుగా వస్తుంది. నా టైమ్‌టేబుల్ పంపమని అడిగినవాళ్లకు అందుకే పంపలేదు.

అభ్యాసం. ఈ ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ వేరే గదిలో పెట్టి, 120 బిట్లు 90 నిమిషాల్లో చేయండి. బిట్‌కు 45 సెకన్లు. ప్రశ్న ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటే ఒక భాషలోనే చదవండి, మాట అర్థం కానప్పుడే రెండోదానివైపు చూడండి. ముందు లా 60 చేసి, తర్వాత కరెంట్ అఫైర్స్, చివర జీకే, మెంటల్ ఎబిలిటీ. ఆ వరస నా ఇష్టం, మీకు వేరేది కుదిరితే అదే పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం చేసి, రెండు నుంచి అయిదు వరకు తప్పులకు అక్షరాలు వేయండి. మూడు గంటలూ కూర్చోవాలి. జవాబు సరైనదైనా ఊహించి పెట్టిందైతే దానికీ "తె" వేయండి.

సాయంత్రం పైన చెప్పిన మూడు గళ్ల పట్టికలో నలభై అంశాలు మీ చేత్తో నింపండి. నేను పన్నెండు అంశాలు ఇచ్చాను. మిగతావి ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో బేర్ యాక్ట్ ఉచితంగా దొరుకుతుంది, అందులోంచి వెతికి రాయండి, గైడ్ నుంచి కాపీ కొట్టొద్దు. నింపిన పేజీ, అక్షరాలు వేసిన పేపర్, ఈ రెండూ పక్కన పెట్టుకుని అయిదో పాఠం తెరవండి. మాగ్జిమ్స్ అక్కడ మొదలుపెడదాం.