చీకట్లో ఎదుటి బోటు ఎటు పోతోందో లైట్లే చెబుతాయి

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి రాత్రిపూట ఇంజను బోటులో బయల్దేరేవాళ్ల కోసం. నడుస్తున్న బోటుకి ఎడమ పక్క ఎర్ర లైటు, కుడి పక్క ఆకుపచ్చ, వెనక తెల్లది ఉంటాయి. ఎర్రది చూసి నేను మొదట్లో జగదాంబ జంక్షన్ సిగ్నల్లా ‘ఆగు’ అనుకునేవాణ్ణి!

ఎరుపు, ఆకుపచ్చ రెండూ కలిసి కనబడితే అది సూటిగా మన మీదికే వస్తున్నట్టు. వెంటనే కుడికి తిప్పండి, అవతలివాడూ కుడికే తిప్పాలి. ఎర్రది ఒక్కటే మన కుడివైపు నుంచి అడ్డంగా వస్తుంటే దారి మనమే ఇవ్వాలి, అదీ దాని ముందునుంచి దూరిపోకుండా. తెల్లది మాత్రమే కనిపిస్తే అది మన ముందు పోతున్న బోటో, లంగరేసినదో. బీచ్ రోడ్డు మీంచి రాత్రిళ్లు కనిపించే ఆగిన పెద్ద ఓడలకైతే తెల్లవి రెండుంటాయి, ముందుది ఎత్తుగా.