ఒకే రా ఫైలు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగులో వస్తోందా? దారిలో పెట్టుకోవడం ఎలా?

బెంగళూరులో మారతహళ్లి వైపు ఏ కల్యాణ మండపంలోనో తీసిన తలంబ్రాల ఫొటో కెమెరా వెనక స్క్రీన్‌లో నిండుగా ఉంటుంది. ఇంటికొచ్చి ఆ రా ఫైలును లైట్‌రూమ్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒక్క క్షణం అలాగే కనిపించి, చూస్తుండగానే వెలిసిపోతుంది. అదే ఫైలు ఆల్బమ్ డిజైనర్‌కి పంపితే, క్యాప్చర్ వన్‌లో ముఖాలు ఎర్రగా ఉన్నాయంటాడు. డబ్బులు దండగని డార్క్‌టేబుల్ వేసుకున్న తమ్ముడికి ఇంకోలా వస్తుంది. కార్డు పాడైందా, కెమెరా దెబ్బతిందా అని టెన్షన్ మొదలవుతుంది. ఏమీ పాడవలేదు.

రా ఫైలులో పూర్తయిన ఫొటో ఉండదు. సెన్సర్ మీద ఒక్కో చుక్క దగ్గర ఎంత వెలుతురు పడిందో చెప్పే అంకెలు ఉంటాయి, అంతే. చాలా కెమెరాల్లో ఒక్కో చుక్క మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటే ఉంటుంది. అందులో సగం ఆకుపచ్చవే. కోడక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ కనిపెట్టిన అమరిక ఇది, 1976లో పేటెంట్ వచ్చింది. ప్రతి చుక్కకీ మిగతా రెండు రంగులు ఎంతో పక్కవాటిని చూసి సాఫ్ట్‌వేరే లెక్కగట్టాలి. ఆ కెమెరా ఎరుపును తెరమీద ఏ ఎరుపుగా చూపాలి, నీడలు ఎంత నల్లగా ఉండాలి అన్నవీ అదే తేల్చాలి. పప్పు ఒకటే, పోపు పెట్టే చెయ్యి వేరు.

కెమెరా స్క్రీన్‌లో మీకు నచ్చిన ఆ రంగు కూడా అసలుదేమీ కాదు. కెమెరా కంపెనీ తన పద్ధతిలో తయారుచేసిన జేపెగ్ అది. దాన్ని రా ఫైలులోనే దాచి ఉంచుతుంది. లైట్‌రూమ్ ఆ ఒక్క క్షణం చూపించింది దాన్నే. తన లెక్క పూర్తికాగానే దాన్ని తీసేసి తన బొమ్మ పెట్టింది. కాబట్టి ‘ఏది కరెక్ట్?’ అని తల బద్దలుకొట్టుకోకుండా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

ముందు ఒక పరీక్ష ఫొటో

కేఆర్ మార్కెట్‌లో కాసిని కనకాంబరాలు, చామంతులు కొనుక్కోండి. ఇంట్లో ఎవరినైనా మేడ మీద నీడపట్టున కూర్చోబెట్టి, పక్కన పూలు, ఆకులు, ఒక గ్రే కార్డు (రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) కలిసొచ్చేలా రా ప్లస్ జేపెగ్‌లో తీయండి. బెంగళూరు మబ్బులతో జాగ్రత్త, వెలుతురు నిమిషానికోలా మారుతుంది, అందుకే పోల్చడానికి ఒకే షాట్ పెట్టుకోండి. కనకాంబరం రంగు దీనికి భలే పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ల మధ్య తేడా ముఖంలో కన్నా ముందు ఆ నారింజలోనే బయటపడుతుంది.

ఆ రా ఫైలును మొదట కెమెరా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. నికాన్‌కి ఎన్‌ఎక్స్ స్టూడియో, కెనాన్‌కి డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, రెండూ ఉచితమే. కెమెరాలో మీరు పెట్టిన రంగుల సెట్టింగ్‌ని (నికాన్‌లో పిక్చర్ కంట్రోల్, కెనాన్‌లో పిక్చర్ స్టైల్) ఇవి చదువుకుంటాయి కాబట్టి బొమ్మ జేపెగ్‌కి చాలా దగ్గరగా రావాలి. వస్తే కెమెరా బాగున్నట్టే, తేడా అంతా మిగతా సాఫ్ట్‌వేర్ల దగ్గరే.

ప్రొఫైల్ దగ్గర ఓపిక పట్టండి

అసలు పని ఇక్కడే ఉంది. కెమెరా అంకెల్ని తెరమీద ఏ రంగులుగా చూపాలో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే లెక్కే ప్రొఫైల్. చాలామంది ప్రొఫైల్ ముట్టుకోకుండా నేరుగా స్లైడర్లు లాగడం మొదలుపెట్టి అలిసిపోతారు. లైట్‌రూమ్‌లో 2018 నుంచి రా ఫైళ్లకు మామూలుగా వచ్చేది ‘అడోబ్ కలర్’. డెవలప్‌లో పైనే ప్రొఫైల్ అని ఉంటుంది. అక్కడే ప్రొఫైల్ బ్రౌజర్ తెరిచి ‘కెమెరా మ్యాచింగ్’ కింద చూస్తే కెమెరా స్టాండర్డ్, పోర్ట్రెయిట్, వివిడ్ లాంటివి మీ కెమెరాను బట్టి కనిపిస్తాయి. ఒక్కొక్కటీ నొక్కి పక్కనున్న జేపెగ్‌తో పోల్చండి. అచ్చుగుద్దినట్టు రాదు గానీ దగ్గరదగ్గరగా వస్తుంది. ప్రతిసారీ మార్చే బాధ లేకుండా ప్రిఫరెన్సెస్‌లో రా డిఫాల్ట్స్‌ని ‘కెమెరా సెట్టింగ్స్’ చేసి వదిలేయండి.

క్యాప్చర్ వన్‌లో ఈ సంగతి ‘బేస్ క్యారెక్టరిస్టిక్స్’ అన్న చోట ఉంటుంది, అక్కడ రంగులకి ఐసీసీ ప్రొఫైల్, వెలుగునీడలకి కర్వ్ రెండూ చూసుకోవాలి. రా థెరపీ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ‘ఆటో మ్యాచ్‌డ్ టోన్ కర్వ్’ అనే తెలివైన బటన్ ఉంది, ఫైలులో దాగిన జేపెగ్‌ను చూసి కాంట్రాస్ట్‌ను దానికి తగ్గట్టు తెస్తుంది. డార్క్‌టేబుల్ దారి వేరు. సెన్సర్ పట్టిన వెలుతురు లెక్కల మీదే ముందు పనిచేసే సీన్ రిఫర్డ్ పద్ధతిలో అది ఎక్స్‌పోజర్‌ను తనంతట తనే 0.7 స్టాపులు పెంచి (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు), ఆపైన దాన్ని తెరకి సరిపడేలా కుదించే తన టోన్ మ్యాపింగ్ వేస్తుంది. కెమెరా జేపెగ్‌లా రావాలని దానితో కుస్తీ పట్టడం నా లెక్కలో టైమ్ వేస్ట్. దాని దారిన దాన్ని వాడుకోవాలి, లేదంటే వదిలేయాలి.

ఫొటో మొత్తం ఒక మెట్టు చీకటిగా ఉంటే కెమెరా మెనూ వైపు చూడండి. నికాన్‌లో యాక్టివ్ డి-లైటింగ్ ఆన్‌లో ఉంటే కెమెరా హైలైట్లు (బాగా వెలుగున్న భాగాలు) కాపాడటానికి వెలుతురు కాస్త తగ్గించి తీసి, జేపెగ్‌లో నీడలు పైకి లేపుతుంది. బయటి సాఫ్ట్‌వేర్‌కి ఆ రెండో సగం తెలియకపోవచ్చు. రా తీసేవాళ్లు దాన్ని ఆఫ్ చేసుకోవడమే మేలు.

వైట్ బ్యాలెన్స్ అంకె కాపీ కొట్టొద్దు

వెలుతురు రంగును బట్టి ఫొటో రంగుల్ని సరిదిద్దేదే వైట్ బ్యాలెన్స్, దాన్ని కెల్విన్లలో చూపిస్తారు. లైట్‌రూమ్‌లో 5200 కనిపించిన ఫొటోకి ఇంకోదాంట్లో 4900 చూపించొచ్చు. కెమెరా ఫైలులో రాసేది ఎరుపుని, నీలాన్ని ఎంతతో హెచ్చించాలన్న లెక్క. ఆ లెక్కని కెల్విన్లలోకి ఎవరి ప్రొఫైల్ ప్రకారం వాళ్లు మార్చుకుంటారు. అందుకే ఒకచోటి అంకె ఇంకోచోట కొట్టకుండా, రెండు చోట్లా వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తో (ఫొటోలో నొక్కిన చోటుని రంగు లేనిదిగా లెక్కేసే పరికరం) గ్రే కార్డు మీద నొక్కండి. పెళ్లి ఫొటోల్లో తెల్లగా ఉంది కదా అని మధుపర్కాల మీద మాత్రం నొక్కొద్దు. ఆ బట్టలో పసుపు ఛాయ ఉంటుంది. డ్రాపర్ దాన్ని తెలుపు అనుకుని పసుపంతా పీకేస్తుంది, పెళ్లికొడుకు ముఖం నీలంగా తిరుగుతుంది. పురోహితుడి పంచె కూడా నమ్మదగ్గది కాదు. గ్రే కార్డు లేకపోతే స్పీకర్ స్టాండు లాంటి బూడిదరంగు వస్తువు ఏదైనా వెతకండి.

రాత్రి రిసెప్షన్‌లో స్టేజీ మీద వేసే నీలం, వంకాయరంగు ఎల్‌ఈడీ లైట్లు మరో తలనొప్పి. ఒక రంగు నిండి పొర్లిపోతుంది, మిగతావి అడుగంటి ఉంటాయి. అలాంటి రంగును తెరలో ఎలా ఇరికించాలో ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా తేలుస్తుంది. ఒకదాంట్లో బుగ్గ మీద నున్నగా జారిన నీలం ఇంకోదాంట్లో మచ్చగా అతుక్కుని ఉంటుంది. ఇక్కడ ప్రొఫైల్ మార్చి చూడటం, సాచురేషన్ తగ్గించడం తప్ప పెద్దగా దారి లేదు. అలాంటి నాలుగు ఫొటోల కోసం వేరే సాఫ్ట్‌వేర్ వాడినా తప్పేం లేదు.

దగ్గరగా జూమ్ చేసి పోల్చేవాళ్లు ఒకటి గమనించాలి. లైట్‌రూమ్ రా ఫైలుకి అడక్కుండానే షార్పెనింగ్ 40, కలర్ నాయిస్ (రంగు చుక్కల) తగ్గింపు 25 వేస్తుంది. లెన్స్ కరెక్షన్ కూడా ఒకచోట ఆన్, ఇంకోచోట ఆఫ్ ఉంటే మూలల నలుపు, గీతల వంపు మారిపోతాయి. ఇవన్నీ సమానం చేశాకే తీర్పు చెప్పండి.

ఫైలు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు

లైట్‌రూమ్ స్లైడర్ విలువలు క్యాప్చర్ వన్‌లో అదే ఫలితం ఇవ్వవు, మీ మార్పులు రాసుండే ఎక్స్‌ఎంపీ ఫైలు జతచేసినా సరే. రంగులు మీరే ఖాయం చేస్తే 16 బిట్ టిఫ్ ఇవ్వండి. రా ఇవ్వక తప్పకపోతే మీరు ఎడిట్ చేసిన చిన్న జేపెగ్ పక్కన పెట్టి, ఈ రంగుకు దగ్గరగా రావాలని చెప్పండి. ఫోన్లో చూసే ఫొటోలకు ఎక్స్‌పోర్ట్ ఎస్‌ఆర్‌జీబీలో (తెరలకు మామూలుగా వాడే కలర్ స్పేస్, అంటే రంగుల పరిధి) చేయండి, ఆ ప్రొఫైల్ ఫైలులోనే ఎంబెడ్ అవ్వాలి. ఇద్దరి మానిటర్లూ రంగులు సరిగ్గా చూపేలా కాలిబ్రేట్ కాకపోతే ఫోన్లో ఎంతసేపు వాదించుకున్నా తేలదు. ఆల్బమ్ ప్రింటుకైతే ల్యాబ్ ఏ కలర్ స్పేస్ అడుగుతుందో కనుక్కుని, మొత్తం ఇచ్చే ముందు తలంబ్రాల ఫొటో ఒక్కటి ప్రింట్ తీయించి చూడండి.